విజయవాడ, గుంటూరుల్లో ఒక్క రోజు: టిఫిన్ నుంచి కేక్ దాకా ఎక్కడ, ఏ టైముకి?

కానూరు_కుర్రాడు:

అందరికీ నమస్కారం. వచ్చే శనివారం మా అన్నయ్య అత్తగారివైపు వాళ్లు పన్నెండు మంది బెంగళూరు నుంచి దిగుతున్నారు. ఇద్దరు పెద్దవాళ్లకి షుగరు ఉంది, నలుగురు పిల్లలు, ఐదుగురు మాంసం ముట్టరు. పొద్దున విజయవాడలో టిఫిన్, దుర్గమ్మ దర్శనం, మధ్యాహ్నం గుంటూరులో భోజనం, సాయంత్రం అక్కడే మా పాప పుట్టినరోజు. కేక్ మాత్రం బెజవాడలోనే చేయించాలని ఇంట్లో పట్టు. ఈ ఏప్రిల్ ఎండలో కారులో తీసుకెళ్లాలి. మర్నాడు రాత్రి వాళ్లు రైలెక్కుతారు, చేతికి ఏం ఇచ్చి పంపాలో కూడా చెప్పండి. హోటళ్ల పేర్లు నెట్‌లో బోలెడు దొరుకుతున్నాయి. ఎక్కడ ఏది తినాలి, ఎన్నింటికి వెళ్లాలి, ఏది ఆర్డర్ చేయకూడదు, ఇదీ నాకు కావాల్సింది.

గాంధీనగర్_వాసి:

టిఫిన్ సంగతి నేను చెప్తాను. స్టేషన్‌లో దిగినవాళ్లకి గాంధీనగర్ దగ్గర, కాబట్టి బాబాయ్ హోటల్‌తో మొదలుపెట్టండి. అక్కడ తినాల్సింది వెన్న ఇడ్లీ. పొగలు కక్కే ఇడ్లీ మీద వెన్న పెడతారు, అది పూర్తిగా కరిగిపోకముందే కారప్పొడి అద్దుకుని తినాలి. పార్సిల్ మాత్రం కట్టించకండి. దారిలో వెన్నంతా ఇడ్లీలోకి ఇంకి, కారప్పొడి ముద్దయిపోతుంది, ఇంటికెళ్లి విప్పితే నూనె పట్టిన ఇడ్లీలా ఉంటుంది. పన్నెండు మందికి ఒకేచోట టేబుల్ దొరుకుతుందని ఆశపడకండి. నలుగురు నలుగురుగా కూర్చోండి, పెద్దవాళ్లని ముందు కూర్చోబెట్టండి.

షుగరు ఉన్నవాళ్లకి ఇడ్లీ కంటే పెసరట్టు మేలు, ఉప్మా లేకుండా చెప్పండి. ఇడ్లీ రవ్వ అంతా బియ్యమే, రెండు వంతుల రవ్వకి ఒక వంతే మినప్పప్పు పడుతుంది. పెసరట్టు ఎక్కడ తిన్నా పొద్దున తొమ్మిదిలోపే తినండి. ఇడ్లీ పిండిలాగా పెసర పిండిని పులియబెట్టరు, రుబ్బిన రెండు మూడు గంటల్లో వాడేయాలి. ఎండాకాలంలో పదింటికల్లా పిండి పులుపెక్కుతుంది, రంగు చచ్చి మట్టిరంగుకి తిరుగుతుంది. పెనం పక్కన గిన్నెలో పిండి పచ్చగా ఉందో లేదో ఒక్కసారి చూస్తే చాలు. పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర పైన చల్లి, అట్టు అంచు లేచాక నూనె వేసేవాళ్లది బాగుంటుంది. ముందే నూనె పోస్తే అట్టు పెనానికి పట్టక జారుతుంది, పల్చగా రాదు.

పెద్దవాళ్లు దర్శనం అయ్యేదాకా ఏమీ తినమంటే మాత్రం వరస మార్చాలి. కొండ దిగేసరికి పదిన్నర అవ్వచ్చు, ఆ టైముకి చాలాచోట్ల టిఫిన్లు చివరికొస్తాయి. అప్పుడిక పెసరట్టు జోలికి పోకండి, రవ్వ దోశో ఊతప్పమో చెప్పండి. అమ్మవారి పులిహోర ప్రసాదం ఎలాగూ ఉంటుంది, పిల్లలకి కాస్త ఆసరా.

పునుగులు ఈ ప్లానులో పట్టవు, అవి సాయంత్రం ఐదు తర్వాత మాట. మర్నాడు ఖాళీ ఉంటే తినిపించండి, పల్లీ చట్నీతో పాటు బొంబాయి చట్నీ ఇచ్చే బండి దగ్గర. పునుగు విరిస్తే లోపల గుల్లగా ఉండాలి. వేళ్లకి నూనె కారిందంటే సోడా ఎక్కువైనట్టు, లేదా నూనె కాగకుండానే పిండి వదిలినట్టు.

బ్రాడీపేట_4వలైను:

గుంటూరు భోజనానికి శంకర్ విలాస్. శాకాహార భోజనం, వీధిలో ఎవర్ని అడిగినా చూపిస్తారు, ఆ సెంటర్‌కే ఆ పేరు పడిపోయింది. కానీ కొండ మీద నుంచి సరాసరి బయల్దేరితేనే పన్నెండున్నరకి అందుకుంటారు. దూరం ముప్ఫై అయిదు కిలోమీటర్ల లోపే అయినా కాజ టోల్‌గేటు, మంగళగిరి దగ్గర ట్రాఫిక్కు, ఊళ్లోకి వచ్చాక ఇరుకు రోడ్లు కలిపి గంటంబావు వేసుకోండి. ఒంటిగంట దాటాక శనివారం రద్దీలో పన్నెండు మంది అంటే వెనక నిలబడి ఎదురుచూడటమే.

చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. బయటి ఊరి వాళ్లు కూర్చోగానే "కారం తగ్గించండి" అంటారు. భోజనంలో అది కుదిరే పని కాదు. గోంగూర పచ్చడి, వేపుడు, పులుసు పొద్దునే అయిపోయి ఉంటాయి, కారం ఎప్పుడో పడిపోయింది. తగ్గించగలిగేది అప్పటికప్పుడు చేసే దోశ, ఆమ్లెట్, ఫ్రైడ్ రైస్ లాంటివే. అందుకని బెంగళూరు వాళ్లకి విస్తరి తినే పద్ధతి మీరే చెప్పండి: మొదట ముద్దపప్పు నెయ్యి, తర్వాత సాంబారు, ఆపైన గోంగూర చిన్న ఉండ పచ్చి ఉల్లిపాయతో. పిల్లలకి పెరుగు చివరిదాకా ఆపక్కర్లేదు, మొదటే పక్కన పెట్టించండి. నోరు మండితే నీళ్లు తాగితే మంట నోరంతా పాకుతుంది, కారం నీళ్లలో కరగదు. మజ్జిగ గ్లాసు ముందే తెప్పించి పెట్టుకోండి.

పొద్దుపోయాక మిరపకాయ బజ్జీ అడుగుతారు, కచ్చితంగా అడుగుతారు. బజ్జీకి వాడేది పొడుగాటి లేత పచ్చిమిర్చి, గుంటూరు మిర్చి యార్డులో కనిపించే ఎండుమిర్చి రకం కాదు, భయపడక్కర్లేదు. గింజలు తీసి, వాము, ఉప్పు కలిపిన చింతపండు గుజ్జు పూసిన బజ్జీ అయితే పిల్లలు కూడా సగం తింటారు. గింజ తీయకుండా ముంచేసే బండి దగ్గర పెద్దవాళ్లకే కష్టం. ముందు ఒక్కటి తీసుకుని విరిచి చూడండి.

అడ్రసు విషయం కూడా చెప్పాలి. బ్రాడీపేట, అరండల్‌పేటల్లో 4/7 అని రాసి ఉంటే నాలుగో లైను, ఏడో అడ్డరోడ్డు అని అర్థం. ఈ రెండు పేటలు రైలుకట్టకి చెరో పక్కన ఉంటాయి. అడ్రసులో పేట పేరు చూడకుండా అంకె మాత్రమే చూసి వెళ్లారంటే అవతలి పక్కకి చేరతారు. ఫంక్షన్ హాలు ఏ పక్కో ముందే కనుక్కోండి, కేకుతో తిరగడం మంచిది కాదు.

ఓవెన్_దగ్గర:

కేక్ సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం ప్లానులో చెడిపోయే అవకాశం ఉన్నది అదొక్కటే.

ఏప్రిల్లో నలభై డిగ్రీల్లో విజయవాడ నుంచి గుంటూరుకి కూల్ కేక్ తీసుకెళ్లడం కుదురుతుంది, కాకపోతే లెక్క ప్రకారం వెళ్లాలి. మీకు కావాల్సిన బరువు: పది మందికి కిలో చొప్పున. పాతిక మంది ఉంటారనుకుంటే రెండున్నర కిలోలు, చిన్న ముక్కలైతే రెండు చాలు. రెండు అంతస్తుల కేక్ వద్దు. పై అంతస్తు బరువుకి కింది క్రీము మెత్తబడి పక్కకి జారుతుంది, లోపల ఊతకి గొట్టాలు గుచ్చకపోతే మంగళగిరి దాటకముందే ఒరుగుతుంది. ఒకటే అంతస్తు, చతురస్రంగా, ఎత్తు నాలుగంగుళాలు మించకుండా చేయమనండి. ముక్కలు కోయడానికి కూడా అదే సులువు.

ఇరవై నాలుగు గంటల ముందు ఆర్డర్ ఇవ్వండి. నాలుగు విషయాలు స్లిప్పు మీద రాయించండి: బరువు, గుడ్డు ఉందా లేదా, పాప పేరు ఎలా రాయాలో తెలుగులోనో ఇంగ్లీషులోనో మీరే రాసిచ్చి, తీసుకునే టైము. పేరు ఫోన్‌లో చెబితే అక్షరాలు మారిపోవడం రోజూ జరిగేదే. మీ చుట్టాల్లో ఐదుగురు శాకాహారులన్నారు కదా, వాళ్లు గుడ్డు తింటారో లేదో ఇప్పుడే అడగండి. గుడ్డు లేని స్పాంజి ఫ్రిజ్‌లో త్వరగా పొడిబారుతుంది, కాబట్టి ముందు రోజు రాత్రి చేసినది వద్దు, అదే రోజు పొద్దున చేసి, పొరలకి పంచదార నీళ్లు బాగా పట్టించమని అడగండి.

ఫోటో కేక్ కావాలంటే ఫోటో షీటు చివర్లో, మీరు తీసుకునే ముందు అంటించమనండి. తడి క్రీము మీద గంటల తరబడి ఉంటే రంగు కారి ముఖం అలుక్కుపోతుంది. చక్కెర ముద్దతో చేసిన బొమ్మలు ఫ్రిజ్ నుంచి బయటికి రాగానే చెమట పట్టి జిగురెక్కుతాయి. వాటిని విడిగా డబ్బాలో ఇమ్మని, అక్కడికెళ్లాక పెట్టుకోండి.

ఇక కారు. భోజనానికి ముందే వెళ్తున్నారు కాబట్టి కేకు ఆ కారులో వద్దు, ఎండలో మధ్యాహ్నమంతా ఉంచలేరు. సాయంత్రం కేకు తీసుకుని వచ్చే మనిషి వేరే ఉండాలి. షాపుకి వెళ్లే ముందే ఏసీ పావుగంట వేసి ఉంచండి. కేకు డిక్కీలో పెట్టకండి, అక్కడికి ఏసీ అందదు. సీటు మీదా వద్దు, సీటు వెనక్కి వాలి ఉంటుంది, కేకు కూడా అటే జారుతుంది. ఒళ్లో పెట్టుకుంటే ఒంటి వేడికి అడుగు క్రీము కరుగుతుంది. ముందు సీటు కింద కాళ్లు పెట్టుకునే చోట, చదునుగా, కింద జారని మ్యాటు వేసి పెట్టండి. ఏసీ గాలి కాళ్లవైపు తిప్పండి. థర్మాకోల్ పెట్టె దొరికితే ఇంకా మంచిది. నాలుగు మూలలా ఐస్ జెల్ ప్యాకులు కేకు డబ్బాకి తగలకుండా పెట్టి మూత వేయండి. హాలుకి వెళ్లగానే ఫ్రిజ్. కోసే ముందు ఇరవై నిమిషాలు బయట పెడితే చాలు, గంట ముందు బయట పెట్టి ఫోటోలు తీసుకుంటూ కూర్చుంటే అంచులు వాలిపోతాయి.

షాపు ఏదంటే, స్వీట్ మ్యాజిక్ లాంటి పెద్దచోట కేకు, స్వీటు, కారం అన్నీ ఒకే దగ్గర దొరుకుతాయి, టైము తక్కువ ఉన్నవాళ్లకి నయం. కాలనీ బేకరీల్లోనూ మంచివి ఉన్నాయి. పరీక్ష ఒకటే: ముందు రోజు వెళ్లి ఒక పేస్ట్రీ ముక్క తినండి. క్రీము నాలుక మీద కరిగిపోవాలి. అంగిలికి మైనంలా అతుక్కుని, నీళ్లు తాగినా పోకపోతే అది డాల్డా తరహా కొవ్వు. ఆ షాపులో కూల్ కేక్ చేయించకండి.

పఫ్ తినాలంటే అద్దాల పెట్టెలో వెచ్చగా ఉన్నవి చూసి మోసపోకండి. ఆ పెట్టెలో ఆవిరి బయటికి పోదు, పొరలన్నీ మెత్తబడతాయి. పఫ్ ఒక కొస పట్టుకుని ఎత్తితే నిటారుగా నిలవాలి, వంగిందంటే పొద్దుటిది. "ఓవెన్‌లోంచి ఎప్పుడు దిగుతాయి" అని అడిగితే చెప్తారు, చాలాచోట్ల సాయంత్రం నాలుగు ప్రాంతం. ఇంటికి తెచ్చినవి మైక్రోవేవ్‌లో వేడి చేయకండి, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర ఐదారు నిమిషాలు. రైలు ప్రయాణానికి ఎగ్ పఫ్ అసలు వద్దు.

కానూరు_కుర్రాడు:

కేకు వేరే కారులో అన్న సంగతి నాకు తట్టనే లేదు, చాలా థాంక్సండీ. ఇంకో మాట. మాంసం తినేవాళ్లు ఏడుగురికి మర్నాడు మధ్యాహ్నం బిర్యానీ పార్సిల్ అనుకుంటున్నాం. ఫ్రై పీస్ బిర్యానీ అంటే బెంగళూరు వాళ్లు "ఇది అసలు బిర్యానీయేనా" అంటారేమో?

బెంజ్‌సర్కిల్_బావ:

అంటే అననివ్వండి, మన దగ్గరి పద్ధతి అది. ఫ్రై పీస్‌లో అన్నం వేరేగా, వేయించిన ముక్క పైన. ముక్క కరకరలాడుతూ మసాలా పట్టి ఉంటుంది, దాన్ని అన్నంతో కలిపి మళ్లీ ఉడికించరు. దమ్ బిర్యానీలో ముక్క అన్నంతోపాటే మగ్గుతుంది, మెత్తగా ఉంటుంది. పెద్దవాళ్లకి పళ్లు ఇబ్బంది ఉంటే దమ్ తీసుకోండి, మిగతావాళ్లకి ఫ్రై పీస్. ఏడుగురిలో పిల్లలు ఉంటే రెండు ఫ్యామిలీ ప్యాకులు సరిపోతాయి, లేకపోతే మూడు.

దమ్ అయితే పన్నెండు, పన్నెండున్నర మధ్య హండీ విప్పినప్పుడే తీసుకోండి. "అడుగు నుంచి తియ్యండి" అని అడగండి, పైపైన తీస్తే తెల్ల అన్నమే వస్తుంది. పిల్లలకి ఆ పై అన్నం విడిగా కట్టించుకోండి, కారం తక్కువ. పార్సిల్ చేతికి రాగానే మూత ఒక మూల కాస్త లేపండి, లేకపోతే ఆవిరి నీరై అన్నం ముద్ద కడుతుంది. షేర్వా వేడిగా ప్లాస్టిక్ కవర్లో పోయించుకోకండి, ఇంటి నుంచి స్టీలు క్యారియర్ పట్టుకెళ్తే పోసిస్తారు. ఈ ఎండలకి రెండు గంటల్లో తినేయాలి, రాత్రి రైల్లోకి మిగిల్చి కట్టి ఇవ్వకండి.

ఎవరైనా హోటల్లో ఇప్పుడు పులస పులుసు ఉందని చెబితే ఒప్పుకోవద్దు. గోదావరికి ఎర్రనీరు వచ్చే వానాకాలంలో దొరికే చేప అది, ఏప్రిల్లో కాదు.

తెనాలి_దారి:

చేతికి ఇచ్చే స్వీట్లలో బందరు లడ్డు ముందు పెట్టండి. శనగపిండిని జంతికల్లా నూనెలో వేయించి, దంచి, జల్లించి, బెల్లం పాకంలో మళ్లీ రోకలితో తొక్కి, నెయ్యి చేర్చి చుట్టేది. అందుకే తొక్కుడు లడ్డు అంటారు. చెమ్మ తక్కువ కాబట్టి ఎండలోనూ పాడవదు, రైలు ప్రయాణానికి దీన్ని మించింది లేదు. కొనేటప్పుడు ఒకటి విరవండి. నోట్లో పిండి పిండిగా రాలకుండా సాఫీగా కరిగితే బాగా తొక్కినట్టు, పలుకులు తగిలితే జల్లించడంలో తొందరపడ్డట్టు.

పూతరేకులు ఇవ్వచ్చు, కానీ గట్టి అట్టపెట్టెలో, పెట్టె మీద ఇంకో బ్యాగు పడకుండా చేతిలో పట్టుకోవాలి. గాలి చెమ్మ తగిలితే రేకు మెత్తబడి సాగుతుంది, ఫ్రిజ్‌లో కూడా పెట్టొద్దని చెప్పండి. మడత కాజా పాకం కారుతుంది, ప్లాస్టిక్ డబ్బా కావాలి. కోవా మాత్రం వద్దు, ఈ ఎండలో రాత్రి ప్రయాణం దాకా నిలుస్తుందని నమ్మలేం.

తూకం వేసేటప్పుడు ఖాళీ డబ్బా బరువు తీసేయమని అడగండి. అట్టడబ్బా బరువు కూడా స్వీటు ధరకే కొనడం ఎందుకు? షుగరున్న ఆ ఇద్దరి కోసం కారప్పూస, చెగోడీలు అర కిలో విడిగా కట్టించండి. "షుగర్ ఫ్రీ" అని రాసిన స్వీట్లలో కూడా శనగపిండి, కోవా, నెయ్యి అంతే ఉంటాయి, వాటిని లెక్కలేకుండా తినొచ్చని వాళ్లతో అనకండి.