విక్కా ప్రాచీన మతమా, గార్డ్‌నర్ కూర్చిన కొత్త మతమా?

కలంపోటు:
మా ఆఫీసులో ఒక అమెరికన్ సహోద్యోగిని విక్కా మతస్థురాలు. తమది క్రీస్తుకు ముందటి యూరపు మతమని, 90 లక్షల మంది మంత్రగత్తెలను చంపినా అది చావలేదని ఆమె నమ్మకం. నేను చదివినంతలో ఈ మాట నిలవదు. జెరాల్డ్ గార్డ్‌నర్ అనే ఆంగ్లేయుడు మలయాలో సుంకాల శాఖలో పనిచేసి 1936లో ఇంగ్లండు చేరాడు. 1939లో న్యూ ఫారెస్ట్ ప్రాంతపు రహస్య బృందమొకటి తనకు దీక్ష ఇచ్చిందన్నాడు. మంత్రశక్తులున్నాయని చెప్పుకోవడాన్ని నేరం చేసిన 1735 నాటి బ్రిటన్ మంత్రవిద్యా చట్టం 1951లో రద్దయింది. ఆ తర్వాతే, 1954లో, ఈ మతం గురించి ఆయన పుస్తకం వచ్చింది. పాత మతం చాటుగా బతికే ఉందని 1921లో రాసిన మార్గరెట్ ముర్రే వాదనను చరిత్రకారులు ఏనాడో తోసిపుచ్చారు. మరణశిక్ష పడినవారు 40 నుంచి 60 వేల మందని వారి అంచనా. పునాదే కట్టుకథ అయినప్పుడు దీన్ని మతమనవచ్చా?

వేపచెట్టు:
కలంపోటు గారూ, మీరు తవ్వుతున్న చోట పునాది లేదు. ఈ చరిత్రను నమ్మి తీరాలన్న నియమం విక్కాలో లేదు, అందరూ ఒప్పుకున్న పవిత్ర గ్రంథమూ లేదు. ఉన్నది ఆచారం. ఒక దేవత, ఒక కొమ్ముల దేవుడు. పున్నమికి కూడిక, వలయం గీసి నాలుగు దిక్కులనూ పిలవడం, ఏడాదికి ఎనిమిది పండుగలు. ఎవరికీ హాని చేయనంత వరకు నీ ఇష్టం, అదే నీతి. చేసింది మూడింతలై తిరిగొస్తుందని కూడా చాలామంది నమ్ముతారు (మన కర్మకు వడ్డీ కలిపినట్టు!). అక్టోబరు 31 నాటి సావిన్, మే 1 నాటి బెల్టేన్ ఐర్లండులో నిజంగానే పాతవి. ఎనిమిదింటినీ ఒక చక్రంగా బిగించింది మాత్రం 1950లలో. పాతచీరలతో కొత్తగా కుట్టిన బొంత ఇది. వెచ్చగా ఉందో లేదో కప్పుకున్నవారే చెప్పాలి.

నల్లరేగడి:
కలంపోటు గారూ, ‘మంత్రగత్తె’ అన్న మాట అంత తేలిగ్గా వాడకండి. బాణామతి చేసిందన్న అనుమానంతో ఆడవాళ్ల పళ్లు రాలగొట్టిన వార్తలు చదువుతూ పెరిగినదాన్ని. ఇక్కడ అది ఊరు వేసే ముద్ర, తప్పించుకునే దారి ఉండదు. విక్కాలో ఎవరికి వారు కోరి పెట్టుకునే పేరు.

కలంపోటు:
నిజమే, ఇకపై విక్కన్ అనే రాస్తాను. బొంత పోలికకు మాత్రం లొంగను. కొత్త బొంతను ముత్తవ్వ కుట్టిందని చెబితే అడగకూడదా?

వేపచెట్టు:
అడిగినవారు లోపలే ఉన్నారండీ. 1953లో దీక్ష తీసుకున్న డోరీన్ వాలియెంటే, గార్డ్‌నర్ ‘ప్రాచీన’ పూజావిధిలో అలిస్టర్ క్రౌలీ అనే ఆంగ్ల మాంత్రిక రచయిత వాక్యాలను పట్టేసింది. అంతకన్నా బాగా రాయగలిగితే రాయమన్నాడాయన. రాసింది! దేవత పలుకులుగా నేడు చదివే పాఠం చాలావరకు ఆమె చేతి చలవే. తర్వాత గార్డ్‌నర్ బృందం నుంచి బయటికి వచ్చింది కానీ మతాన్ని విడిచిపెట్టలేదు.

నల్లరేగడి:
ఈ సంగతి మీ సహోద్యోగినికి చెప్పారా, కలంపోటు గారూ?

కలంపోటు:
ఇంకా లేదు. అక్టోబరు 31న వాళ్ల కూడికకు రమ్మని పిలిచింది. భోజనాలయ్యాక చూస్తాను.