పాత సీసపు బొమ్మలకు రంగులు వేయడం ఎలా?

ప్రశ్న (విజయవాడ): 1980ల నాటి ఫాంటసీ ఆటల లోహపు బొమ్మలు, అంగుళం ఎత్తున్న మరుగుజ్జు యోధులూ ఒక డ్రాగనూ మాకు దొరికాయి. ఆదివారాలు సత్యనారాయణపురంలో నలుగురం కూర్చుని రంగులు వేయాలనుకుంటున్నాము. పాత ఎనామిల్ రంగు పొరను గీకివేయవచ్చునా?

జవాబు: గీకవద్దండి. ఆనాటి మిశ్రమలోహంలో చాలావరకు సీసం ఉండేది కనుక, గరుకు కాగితంతో రుద్దితే లేచే ధూళి ప్రమాదకరం. చేతితొడుగులు వేసుకుని, రంగు తొలగించే ద్రావణంలో నానబెట్టి, తడిగా ఉండగానే పాత టూత్‌బ్రష్షుతో తీయండి. సబ్బుతో చేతులు కడిగాకే టీ ముట్టండి.

జవాబు (గుంటూరు): మన ఉక్కలో స్ప్రే ప్రైమరు (రంగుకు ముందు వేసే అడుగుపూత) పొడిపొడిగా పడుతుంది, నా డ్రాగన్ రెక్కలు విభూతి పూసినట్లయ్యాయి. కుంచెతోనే పలుచగా రెండు పూతలు వేయండి.

ప్రశ్నించినవారు: కృతజ్ఞతలు. కవచాలు నేను వేస్తాను; కళ్లు మాత్రం చేయి వణకని మా చెల్లెలికే.