"మృతినొందియు"లో ఆ "యు" తీసేయొచ్చా?

కొసరు: నాయనమ్మ సమాధి రాయి మీద హెబ్రీ 11:4లో, అన్న కయీను చేతిలో హతమైన హేబెలు గురించిన మాట చెక్కిద్దామనుకున్నాం. నా చెవిలో "మృతినొందియు ఇంకను మాటలాడుచున్నాడు" అని ఉంది. బైబిల్ తీస్తే అందులో "ఇంకను" లేదు. ఎక్కడ విన్నానో మరి. పైగా రాయి చెక్కేవాడు అక్షరానికింతని లెక్క కడుతూ "ఈ యు ఎందుకండీ, మృతినొంది అంటే చాలదా" అన్నాడు. చాలుతుందా? నాయనమ్మ సంతలో కూరగాయలు అమ్మేది. చర్చిలో సాక్ష్యం చెప్పమంటే ఏనాడూ లేవలేదు. కానీ మా ఊళ్లో ఇప్పటికీ ఎవరైనా కొసరు ఎక్కువేస్తే "ముసలమ్మ తూకమా?" అంటారు. అందుకే ఆ వాక్యం.

నల్లబల్ల: చాలదు. "మృతినొంది మాటలాడుచున్నాడు" అంటే "భోంచేసి పడుకున్నాడు" లాంటిది, ఒక పని తర్వాత ఇంకో పని. "యు" ఉంటేనే "చనిపోయి కూడా".

యతిభంగం: "మృతినొందినను" అనొచ్చుగా? యోహాను 11:25లో "చనిపోయినను బ్రదుకును" అనే ఉంది.

నల్లబల్ల: అది అప్యర్థకం, అంటే "అయినా సరే" అని చెప్పే రూపం. అక్కడ చావు ఇంకా రాలేదు, వచ్చినా సరే అని భరోసా. హేబెలుది జరిగిపోయిన చావు. అందుకని క్త్వార్థకం మీద, అంటే "మృతినొంది" లాంటి "చేసి" రూపం మీద "యు". అనువాదకులు తెలిసే వేశారు.

యతిభంగం: మాస్టారూ, "పిలిచినను రాలేదు" అంటాం. పిలవడం జరిగిపోలేదా?

నల్లబల్ల: అది వేరే సంగతి.

యతిభంగం: ఎలా వేరు?

డాలస్ నుంచి: "ఇంకను" మీ ఊహ కాదండీ. గ్రీకులో "ఎతి" ఉంది, "ఇంకా" అనే అర్థం. మనవాళ్లు వదిలేశారు. ఇంగ్లీషు బైబిల్ విన్న ప్రసంగీకులెవరో నోటిమాటగా కలిపి ఉంటారు.

వినుకొండ వైపు: వదల్లేదు, "యు"లోనే దాచారు. ఆ ఒక్క అక్షరం విలువ జాషువా గారిని అడగాలి. "సుకవి మరణించె నొకతార గగనమెక్కె". పోయినవాడు మాట్లాడడమంటే అదీ!

యతిభంగం: "సుకవి" కాదు, "కవియు". తేటగీతిలో నాలుగో గణం "గగన"తో మొదలవుతుంది. పాదం మొదటి అక్షరానికీ దానికీ యతి, అంటే అక్షరాల పొత్తు, కుదరాలి. క-గలకు కుదురుతుంది. "సు"కి ఏం కుదురుతుంది? గణం రెండిటికీ సరిపోతుంది కాబట్టి అందరూ తప్పు చదువుతారు.

వినుకొండ వైపు: ఒప్పుకున్నా. అయితే చూడండి, అక్కడా "యు"నే!

నల్లబల్ల: ముందు పాదం "రాజు మరణించె" కదా, ఆ "యు" రాజుతోపాటు కవి కూడా అని. దీనికీ దానికీ ముడిపెట్టకండి.

డాలస్ నుంచి: అసలు "సాక్షి" అంటేనే స + అక్షి, కన్ను ఉన్నవాడు. నోరు అక్కర్లేదు. నాయనమ్మగారు లేచి చెప్పకపోయినా సాక్షే.

యతిభంగం: "సాక్షాద్ద్రష్టరి సంజ్ఞాయామ్" అన్నాడు పాణిని. కళ్లారా చూసినవాడికి ఆ పేరు, "సాక్షాత్" నుంచి వచ్చింది. మీ భావం బాగుంది, వ్యుత్పత్తి బాగాలేదు.

డాలస్ నుంచి: గ్రీకులో సాక్షిని "మార్తుస్" అంటారు. తర్వాత ఆ మాటే హతసాక్షికి, అంటే విశ్వాసం కోసం ప్రాణమిచ్చినవాడికి, స్థిరపడింది. హేబెలుకి రెండర్థాలూ సరిపోతాయి.

వినుకొండ వైపు: హతసాక్షి దాకా ఎందుకు? క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారు 1890లో పోయారు. ఈ ఆదివారం కూడా మా చర్చిలో ఆయన కీర్తన పాడాం. రాగం మాత్రం మా గాయకబృందం చంపేసింది.

కొసరు: "యు" ఉంచేస్తున్నా. ఇప్పుడు ఇంకో టెన్షన్. నాయనమ్మకి "మాటలాడుచున్నది" అనాలా, "మాటలాడుచున్నారు" అనాలా? "ఉన్నది" అంటే అత్తయ్య ఒప్పుకోవడం లేదు, ఆవునో గేదెనో అన్నట్టుందట. రాయివాడు రేపు పొద్దున్నే వస్తాడు.

నల్లబల్ల: గ్రాంథికంలో "ఉన్నది"లో అగౌరవం లేదు.

కొసరు: ఆ మాట మా అత్తయ్యకి చెప్పండి.

యతిభంగం: "పిలిచినను" గురించి మాస్టారు ఇంకా జవాబు చెప్పలేదు.