నికాన్ డీ3100 కెమెరాకి చవకైన 300 ఎంఎం జూమ్ ఏది?

ప్రశ్న: విశాఖ దగ్గరి కంబాలకొండ అడవిలో, కొండకర్ల ఆవ (చెరువు)లో పక్షుల ఫొటోలు తీయాలి. ఏఎఫ్-పీ 70-300 లెన్సు చవగ్గా దొరుకుతోంది. తీసుకోవచ్చా అండీ? సెకండ్‌హ్యాండైనా పర్వాలేదు.

జవాబు 1: దయచేసి ఆగండి! ఏఎఫ్-పీ లెన్సు డీ3100కి బిగుస్తుంది గానీ ఫోకస్ అవదు. దాని ఫోకస్ రింగు కూడా మోటారు ద్వారానే నడుస్తుంది కాబట్టి చేత్తో తిప్పినా లాభం లేదు. పాత ఏఎఫ్-డీ 70-300 అయితే చేత్తోనే ఫోకస్ చేసుకోవాలి. మోటారు లెన్సులోనూ లేదు, మీ కెమెరా బాడీలోనూ లేదు. ఎగిరే పక్షికి అది కుదరని పని. మోటారు లెన్సులోనే ఉన్న ఏఎఫ్-ఎస్ 70-300 వీఆర్ (వణుకు తగ్గించే ఏర్పాటున్నది) చూడండి. బరువు 745 గ్రాములు, మీ కెమెరా చిన్న సెన్సర్ మీద 300 ఎంఎం కాస్తా 450 ఎంఎం లెన్సంత దగ్గరగా చూపిస్తుంది.

జవాబు 2: కొనేముందు రెండు మూతలూ తీసి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి చూడండి. సాలెగూడులాంటి దారాలు కనిపిస్తే ఫంగస్. ధర ఎంత తగ్గించినా వద్దు. విశాఖ తేమకి అది మళ్లీ పెరుగుతుంది. మంచి లెన్సునైనా బ్యాగులో వదిలేయకండి, సిలికా జెల్ వేసిన గాలి చొరని డబ్బాలో పెట్టండి.

జవాబు 3: 300 ఎంఎం దగ్గర ఎఫ్/5.6లో (లెన్సు రంధ్రం పూర్తిగా తెరిస్తే) బొమ్మ కాస్త మెత్తగా వస్తుంది, ఎఫ్/8 పెట్టండి. కూర్చున్న పక్షికి షటర్ వేగం 1/500 సెకను, ఎగిరేదానికి 1/1600. వెలుతురు చాలకపోతే ఐఎస్‌ఓ (సెన్సర్ సున్నితత్వం) పెంచండి, షటర్ వేగం తగ్గించకండి. వీఆర్ మీ చేతి వణుకునే ఆపుతుంది, రెక్కల కదలికను కాదు. ఆవలో తాటిదోనె ఊగుతుంది, ట్రైపాడ్ మోసుకెళ్లడం దండగ.