మానిటర్ లేని ఉబుంటు సర్వర్‌లో బోయింక్: కమాండ్ లైన్ నుంచే ప్రాజెక్టులో చేరడం ఎలా?

గోదారిగట్టు:
పాత డెస్క్‌టాప్‌ని ఇంట్లో సర్వర్‌గా వాడుతున్నాను. నాలుగు కోర్ల ఐ5, 8 జీబీ ర్యామ్, 120 జీబీ ఎస్ఎస్‌డీ, ఉబుంటు సర్వర్. మానిటర్ లేదు, గ్రాఫిక్స్ కార్డు లేదు, అంతా ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి వాడే టెర్మినల్) మీదే. నెక్స్ట్‌క్లౌడ్ (ఫైళ్లు, ఫొటోలు దాచుకునే సొంత క్లౌడ్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్) కలిసి సుమారు 3 జీబీ ర్యామ్ తీసుకుంటాయి. ఖాళీగా పోతున్న ప్రాసెసర్ సమయాన్ని, వాలంటీర్ల కంప్యూటర్లలో సైన్స్ లెక్కలు నడిపే బోయింక్ ద్వారా, ఐన్‌స్టైన్ ఎట్ హోమ్ అనే సైన్స్ ప్రాజెక్టుకి ఇవ్వాలనుంది. ఆప్ట్‌తో బోయింక్ క్లయింట్ ప్యాకేజీ వేశాను, సర్వీస్ నడుస్తోంది. కానీ బోయింక్ సీఎండీతో (క్లయింట్‌కి ఆదేశాలిచ్చే కమాండ్) ఏది అడిగినా ఆథరైజేషన్ ఫెయిల్యూర్ అంటోంది. ప్రాజెక్టులో చేరేదెలా? నెక్స్ట్‌క్లౌడ్ మందగించకుండా ఏమేం మార్చాలి?

షెల్‌వాలా:
క్లయింట్‌తో మాట్లాడటానికి బోయింక్ సీఎండీకి ఒక పాస్‌వర్డ్ కావాలి. అది 'జీయూఐ ఆర్‌పీసీ ఆథ్' అనే కాన్ఫిగ్ ఫైల్లో ఉంటుంది. కమాండ్ మీరు నిలబడ్డ డైరెక్టరీలోనే ముందు దాన్ని వెతుకుతుంది. అది దొరక్కపోయినా, దొరికి చదివే అనుమతి లేకపోయినా వచ్చేది ఈ ఎర్రరే. ఆ ఫైల్ బోయింక్ గ్రూపుకి మాత్రమే తెరిచి ఉంటుంది కాబట్టి యూజర్‌మాడ్‌తో మీ యూజర్‌ని ఆ గ్రూపులో కలపండి. లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి, లేకపోతే కొత్త గ్రూపు వర్తించదు. ఆ తర్వాత వార్ కింద లిబ్‌లో ఉన్న బోయింక్ క్లయింట్ డైరెక్టరీలోకి వెళ్లి అక్కడి నుంచి కమాండ్లు ఇవ్వండి.

చేరడానికి 'లుకప్ అకౌంట్' ఆప్షన్ వాడమని చాలాచోట్ల చెబుతారు. అది వద్దండి. మెయిల్, పాస్‌వర్డ్ రెండూ కమాండ్‌లోనే రాయాలి, అవి షెల్ హిస్టరీలో ఉండిపోతాయి. బ్రౌజర్లో అకౌంట్ తెరిచి, అకౌంట్ కీస్ పేజీలో 'వీక్ అకౌంట్ కీ' తీసుకోండి. దాంతో మెషీన్‌ని ప్రాజెక్టుకి కలపొచ్చు గానీ, అది ఎవరి చేతిలో పడ్డా సైట్లోకి లాగిన్ అయి మీ అకౌంట్ మార్చలేరు. 'ప్రాజెక్ట్ అటాచ్' ఆప్షన్ పక్కన ముందు ప్రాజెక్టు అడ్రసు, తర్వాత ఆ కీ ఇవ్వండి. ఒకట్రెండు నిమిషాలాగి 'గెట్ మెసేజెస్' చూస్తే టాస్కులు దిగుతున్నాయో లేదో తెలుస్తుంది. రోజూ చూసుకోవడానికి బోయింక్‌టీయూఐ వేసుకోండి, టెర్మినల్లోనే మెనూలతో పనిచేస్తుంది.

గోదారిగట్టు:
చేరిపోయాను, నాలుగు టాస్కులు (ప్రాజెక్టు పంపే లెక్కల ముక్కలు) వచ్చాయి. కాకపోతే కొన్ని నిమిషాలు నడిచి ఆగిపోతున్నాయి, మళ్లీ మొదలవుతున్నాయి. లాగ్‌లో సీపీయూ బిజీగా ఉంది కాబట్టి లెక్కింపు ఆపుతున్నాను అని వస్తోంది.

కెర్నల్‌కబుర్లు:
ఇక్కడ తప్పు మీ మెషీన్‌ది కాదు, డెస్క్‌టాప్ కోసం పెట్టిన డిఫాల్ట్‌లది. బోయింక్ కానివి మొత్తం ప్రాసెసర్లో 25 శాతం దాటి వాడితే పని ఆపేయడం అందులో ఒకటి. నాలుగు కోర్లలో 25 శాతమంటే ఒక్క కోరే! నెక్స్ట్‌క్లౌడ్ ఫొటోలకి థంబ్‌నెయిల్స్ తయారుచేస్తే చాలు, ఆ గీత దాటేస్తుంది.

అదే డైరెక్టరీలో 'గ్లోబల్ ప్రెఫ్స్ ఓవర్‌రైడ్' అనే ఎక్స్‌ఎంఎల్ ఫైల్ ఉంటుంది. వెబ్‌సైట్లో పెట్టిన సెట్టింగుల కంటే దీని మాటే చెల్లుతుంది. 'సస్పెండ్ సీపీయూ యూసేజ్' ట్యాగ్‌లో 0 పెడితే ఆ షరతు పోతుంది. 'రన్ ఇఫ్ యూజర్ యాక్టివ్' 1 చేయండి, లేదంటే మీరు ఎస్ఎస్‌హెచ్‌లో టైప్ చేస్తున్నా ఎవరో మెషీన్ వాడుతున్నారని ఆగిపోవచ్చు. ట్యాగ్ పేర్లలో మాటల మధ్య అండర్‌స్కోర్లుండాలి.

అసలు ప్రమాదం ర్యామ్‌తో. మెషీన్ ఖాళీగా ఉన్నప్పుడు 90 శాతం వాడుకోవచ్చన్నది డిఫాల్ట్. ఆ శాతం ఖాళీ ర్యామ్ మీద కాదు, మొత్తం ర్యామ్ మీద. మీ 8 జీబీలో 7.2 తనదే అనుకుంటుంది. మీ సర్వీసుల 3 కలిపితే 10.2. ర్యామ్ చాలక స్వాప్‌లోకి (డిస్క్‌నే ర్యామ్‌లా వాడటం) దిగితే మొదట మందగించేది పోస్ట్‌గ్రెసే. బిజీ, ఐడిల్ రెండు పరిమితులూ 40 చేయండి, 3.2 జీబీ దగ్గర ఆగుతుంది. 'మ్యాక్స్ ఎన్‌సీపీయూస్ పీసీటీ' 50 పెడితే రెండు కోర్లే వాడుతుంది. సేవ్ చేశాక బోయింక్ సీఎండీకి 'రీడ్ గ్లోబల్ ప్రెఫ్స్ ఓవర్‌రైడ్' ఇస్తే చాలు, రీస్టార్ట్ అక్కర్లేదు.

బోయింక్ తక్కువ ప్రాధాన్యంతోనే నడుస్తుంది కదా, ఇక భయమెందుకు అనుకోకండి. సర్వీసులను నడిపే సిస్టమ్‌డీలో ఏ ఒక్క సర్వీసుకైనా సీపీయూ కోటా గానీ వెయిట్ గానీ పెట్టి ఉంటే, సర్వీసుల మధ్య పంపకం వాటి వెయిట్ల ప్రకారమే జరుగుతుంది. నైస్ విలువ, అంటే ఆ తక్కువ ప్రాధాన్యం, ఒక సర్వీసు లోపలికే పరిమితం. అన్ని సర్వీసులకీ డిఫాల్ట్ వెయిట్ 100 కాబట్టి బోయింక్‌కీ పోస్ట్‌గ్రెస్‌కీ సమాన వాటా దక్కుతుంది. సిస్టమ్‌సీటీఎల్ ఎడిట్‌తో బోయింక్ సర్వీసుకి సీపీయూ వెయిట్ 1, మెమరీ మ్యాక్స్ 4 జీబీ పెట్టి సర్వీసుని రీస్టార్ట్ చేయండి. లెక్క తప్పి ర్యామ్ మించినా కెర్నల్ బోయింక్ టాస్కునే చంపుతుంది, డేటాబేస్ జోలికి పోదు.

షెల్‌వాలా:
పైవన్నీ సరే. ఇంకో సెట్టింగు గురించి హెచ్చరిక: 'సీపీయూ యూసేజ్ లిమిట్'ని 100 కంటే తగ్గించకండి. అది కోర్లను నెమ్మదిగా నడపదు, కొన్ని సెకన్లు పూర్తి వేగంతో నడిపి కొన్ని సెకన్లు ఆపుతుంది. ప్రాసెసర్ ఉష్ణోగ్రత అలా ఎగుడుదిగుడుగా ఉండటం కంటే తక్కువ కోర్లు నిలకడగా నడవడమే మేలు. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే నడిచేలా 'స్టార్ట్ అవర్' 22, 'ఎండ్ అవర్' 6 పెట్టుకోవచ్చు.

కరెంటు లెక్క ముందే చూసుకోండి. ప్లగ్ మీటర్ పెట్టి, బోయింక్ ఆగినప్పుడు, నడిచేటప్పుడు ఎన్ని వాట్లో చూడండి. తేడా 40 వాట్లుంటే, రోజంతా నడిస్తే నెలకి 28.8 యూనిట్లు. మన శ్లాబుల్లో ఈ అదనపు యూనిట్లు పడేది మీరిప్పుడున్న చివరి శ్లాబులోనో, ఆ పై శ్లాబులోనో. సగటు రేటుతో లెక్కేస్తే తక్కువ కనిపిస్తుంది.

గోదారిగట్టు:
25 శాతం షరతు తీసేశాక ఆగకుండా నడుస్తున్నాయి. వెయిట్ కూడా పెట్టాను. లాప్‌టాప్‌లోని బోయింక్ మేనేజర్ నుంచి దీన్ని చూడటానికి 31416 పోర్టు తెరవాలా?

కెర్నల్‌కబుర్లు:
వద్దు, రౌటర్‌లో ఆ పోర్టు అస్సలు తెరవకండి. ఆ సంభాషణ ఎన్‌క్రిప్ట్ కాదు. ఎస్ఎస్‌హెచ్ టన్నెల్ చాలు: లాప్‌టాప్‌లో 31417ని సర్వర్ లోకల్‌హోస్ట్ 31416కి కలపండి. లాప్‌టాప్‌లోనూ బోయింక్ ఉంటే 31416 దాని చేతిలో ఉంటుంది, అందుకే వేరే నంబరు. మేనేజర్లో కంప్యూటర్ ఎంచుకునే చోట లోకల్‌హోస్ట్, కోలన్, 31417 ఇచ్చి, సర్వర్లోని ఆ పాస్‌వర్డ్ ఫైల్లో ఉన్నది టైప్ చేయండి. ఫైల్ ఖాళీగా ఉంటే ముందు పొడవైన పాస్‌వర్డ్ ఒకటి రాసి సర్వీస్ రీస్టార్ట్ చేయండి.

ఎప్పుడైనా మానేయాలనుకుంటే నేరుగా డిటాచ్ చేయకండి (ప్రాజెక్టు నుంచి మెషీన్‌ని తీసేయకండి). ముందు 'నో మోర్ వర్క్' ఇచ్చి, ఉన్న టాస్కులు పూర్తయి రిపోర్టయ్యాకే తీసేయండి. చాలా ప్రాజెక్టుల్లో ఒకే టాస్కుని రెండు మెషీన్లకి ఇచ్చి ఫలితాలు పోల్చుతారు. మధ్యలో వదిలేస్తే అవతలి వాలంటీర్ ఫలితం, ఆ టాస్కు ఇంకొకరు పూర్తిచేసేదాకా పెండింగ్‌లోనే ఉంటుంది.