పిల్లల కోసం ఐయూఐ మొదలుపెట్టాలి: ఖమ్మంలోనే చేయించుకోవాలా, హైదరాబాద్ వెళ్లాలా? ఎంత డబ్బు పట్టుకోవాలి?

ఖమ్మం కోడలు:

అందరికీ నమస్తే. చదవడమే తప్ప ఇక్కడ రాయడం ఇదే మొదలు. నాకు 31, ఆయనకు 35. పెళ్లయి ఐదో ఏడు. ఆయన మిర్చి మార్కెట్లో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా, నేను ప్రైవేట్ స్కూల్లో లెక్కల టీచర్ని. ఇద్దరి జీతాలూ కలిపి 38 వేలు. ఇంటద్దె, చిట్టీ పోను ఏం మిగులుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఇక్కడ చూపించుకుంటున్న డాక్టరమ్మ ఆర్నెల్లు మాత్రలు వాడించి, ఇక ఐయూఐ చేద్దాం అన్నారు. అంటే ఆయన వీర్యం శుద్ధి చేసి నేరుగా నా గర్భసంచిలోకి పంపుతారట. ట్యూబులు చూసే ఎక్స్‌రే, అదే హెచ్‌ఎస్‌జీ, చేయించాం, రెండూ బాగానే ఉన్నాయి. గుడ్ల నిల్వ చెప్పే రక్తపరీక్ష, ఏఎంహెచ్, నాది 1.4. ఆయన వీర్యపరీక్ష రిపోర్టులో కౌంట్ 14 మిలియన్, కదలిక 34 శాతం. ఒక ఐయూఐకి 7 వేలు, "మందులు వేరే" అన్నారు. ఆ వేరే ఎంతో నర్సు సరిగ్గా చెప్పలేదు.

ఈలోగా మా ఆడపడుచు పట్టుబట్టి హైదరాబాద్‌లో ఒక పెద్ద సెంటర్‌కి తీసుకెళ్లింది. డాక్టర్ దగ్గర ఐదు నిమిషాలు, కౌన్సెలర్ దగ్గర ముప్పావు గంట. గోడ నిండా పసిపిల్లల ఫొటోలు. ఆ కౌన్సెలర్ ఏఎంహెచ్ చూసి "మేడమ్, మీరు ఐయూఐలతో టైం వేస్ట్ చేసుకోవద్దు, నేరుగా ఐవీఎఫ్" అంది, అదే టెస్ట్ ట్యూబ్ బేబీ. అంత లేదమ్మా అంటే, మూడు ఐయూఐలు కలిపి 54 వేల ప్యాకేజీ, దానికి ఈఎంఐ కూడా ఉందని కాగితం తీసింది. ఆలోచించుకుని చెప్తామని వచ్చేశాం. అప్పట్నుంచి రోజూ ఫోన్. నిన్న ఎనిమిదో తరగతికి భిన్నాలు చెప్తుంటే చేసింది.

చిట్టీ పాడితే చేతికి 60 వేలు వస్తాయి. అంతకు మించి లేదు. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మిర్చి సీజన్, ఆయనకి సెలవు అడిగే ధైర్యం కూడా ఉండదు. విజయవాడ వెళ్లమని మా స్కూల్లో ఒకావిడ చెప్తోంది. ఎక్కడైతే మంచిది? ఇంకోటి, డాక్టరమ్మ రాసిన లెట్రోజోల్ గురించి ఫోన్లో వెతికితే క్యాన్సర్ మందు అని వచ్చింది. అప్పట్నుంచి నిద్ర లేదు.

---

పద్దుల పుస్తకం:

చెల్లీ, మాది మధిర. నేను మూడు ఐయూఐలు చేయించుకున్నా. ముందే చెప్తున్నా, మూడూ నిలవలేదు. తర్వాత ఏం చేయాలో మేమింకా తేల్చుకోలేదు. కాబట్టి గెలిచినదాని సలహా అనుకోకు, డబ్బు తగలేసినదాని సలహా అనుకో. అయితే ప్రతి రూపాయీ రాసి పెట్టుకున్నా, నా పేరు చూశావుగా.

రెండోసారి విజయవాడలో ఒక క్లినిక్‌లో చేయించుకున్న లెక్క చెప్తా, వాళ్లు "ఐయూఐ ఆరున్నర వేలే" అన్నారు. సరే, అది 6,500. వీర్యం కడిగి శుద్ధి చేసినందుకు, అదే వాష్ అంటారే, 2,000 విడిగా. గుడ్డు ఎంత పెరిగిందో చూసే ఫాలిక్యులర్ స్కాన్లు నాలుగు, ఒక్కోటి 500. గుడ్డు పెరగడానికి హెచ్‌ఎంజీ ఇంజెక్షన్లు ఐదు, ఒక్కోటి 950, అంటే 4,750. గుడ్డు విడుదలకి వేసే ట్రిగ్గర్ 450. ఆ తర్వాత గర్భం నిలవడానికిచ్చే ప్రొజెస్టెరాన్ పదిహేను రోజులకి 900. ఓపీ ఫీజు మూడుసార్లు 400 చొప్పున 1,200. చివర రక్తపరీక్ష 700. మొత్తం 18,500. రైలు, ఆటోలు, తిండి కలిపి ఐదు ట్రిప్పులకి 2,600. ఆరున్నర వేలది 21,100 అయింది. నీ డాక్టరమ్మ చెప్పిన 7 వేలు కూడా ఇలాంటిదే అయ్యుంటుంది, ఆవిడ మోసం చేస్తోందని కాదు. ఇంజెక్షన్లు లేకుండా మాత్రలతోనే గుడ్డు పెరిగితే దాదాపు 5 వేలు తగ్గుతుంది. నర్సుని కాదు, డాక్టర్నే అడుగు: "నాకు మాత్రలు సరిపోతాయా, ఇంజెక్షన్లు పడతాయా, పడితే సుమారు ఎన్ని?" జవాబు కాగితం మీద రాయించుకో.

ఇక ఊరి సంగతి. మనం కట్టే డబ్బు కన్నా మనల్ని చంపేది తేదీ. గుడ్డుకి క్యాలెండర్ తెలియదు. నెలసరి రెండో రోజు ఒకసారి, తొమ్మిదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కాన్. గుడ్డు ఉండే తిత్తి 18 నుంచి 20 మిల్లీమీటర్లకి వచ్చిందంటే ఆ రాత్రే ట్రిగ్గర్, ఆ తర్వాత ఒకటిన్నర రోజుకి ఐయూఐ. అప్పుడు సీజన్ ఉంది, పరీక్షలున్నాయి అంటే కుదరదు. నా మొదటిసారి శనివారం స్కాన్‌లో 21 ఉంది. ఆదివారం ల్యాబ్ అతను రాడు, సోమవారం రండి అన్నారు. సోమవారం పొద్దున చూస్తే గుడ్డు ఎప్పుడో పగిలిపోయింది. చేయించుకుంటారా మానేస్తారా, మీ ఇష్టం అన్నారు. అన్ని ఇంజెక్షన్లు పొడిపించుకున్నాక మానేస్తానా? చేశారు, బిల్లు వేశారు. అందుకే ఆదివారం, పండగ రోజు కూడా చేస్తారా అన్నది నా మొదటి ప్రశ్న. గోడ మీది ఫొటోలు, సక్సెస్ రేట్లు తర్వాత.

ట్రిగ్గర్ ఇంజెక్షన్ సాధారణంగా రాత్రి పూట పడుతుంది. మాకు రాత్రి 10 గంటలకి వెయ్యమన్నారు. మందు ఐసు ప్యాక్‌తో రైల్లో తెచ్చి, ఫ్రిజ్‌లో గోంగూర పచ్చడి పక్కన స్టీలు డబ్బాలో పెట్టా. తీరా తొమ్మిదిన్నరకి ఫోన్ చేస్తే మా వీధి ఆర్‌ఎంపీ పెళ్లికి పోయాడు. మా ఆయన బండి మీద తిరిగి తిరిగి చివరికి ఒక ఏఎన్‌ఎమ్ గారిని నిద్రలేపి తెచ్చాడు. ఆవిడ పది ఐదుకి వేసి, "ఇంత చిన్న సూదికి ఇంత హడావుడా" అని నవ్వి వెళ్లిపోయింది.

అందుకని చేసేవాళ్లు ఉంటే ఖమ్మంలోనే చేయించుకో. ఐయూఐకి ఐవీఎఫ్ లాగా పెద్ద ల్యాబ్ అక్కర్లేదు. ప్యాకేజీకి మూడింటి డబ్బూ ముందే కట్టకు. మొదటిదానికే నిలిస్తే మిగతా డబ్బు తిరిగి ఇస్తారా, గుడ్లు ఎక్కువ పెరిగి కవలలు, ముగ్గురు పుట్టే ప్రమాదమని మధ్యలో ఆపేస్తే దాన్ని లెక్కలో వేసుకుంటారా? అడిగి చూడు, కౌన్సెలర్ మొహం చూడాలి. హైదరాబాదే అనుకుంటే గాంధీ ఆస్పత్రిలో 2023లో ప్రభుత్వమే సంతాన సాఫల్య కేంద్రం పెట్టింది, అది కూడా తెలుసుకో. కాకపోతే అంతంత దూరం స్కాన్లకి తిరగడం నీ ఉద్యోగంతో కష్టం.

ఐయూఐ అయ్యాక పద్నాలుగు రోజులు ఆగకుండా ప్రెగ్నెన్సీ స్ట్రిప్ పెట్టకు. నేను తొమ్మిదో రోజు ఆగలేకపోయా. రెండో గీత లేతగా వచ్చింది. అత్తయ్యకి చెప్పేశా, ఆవిడ మా పెద్దాడపడుచుకి చెప్పేసింది. అది ట్రిగ్గర్ ఇంజెక్షన్ మందు ఒంట్లో మిగిలి వచ్చిన గీత. పదిహేనో రోజు నెలసరి వచ్చింది. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ టీవీ పెట్టలేదు.

---

బెంగళూరు బాబు:

సిస్టర్, ఒక్కో ఐయూఐకి నిలిచే అవకాశం నూటికి 10, 15 మాత్రమే. నేరుగా ఐవీఎఫ్ బెటర్. మాకు కంపెనీ గ్రూప్ పాలసీలో కొంత కవర్ అయింది.

---

పద్దుల పుస్తకం:

బాబూ, ఆవిడ దగ్గర ఉన్నది 60 వేలు, మీ కంపెనీ కాదు. మనం విడిగా కొనుక్కునే హెల్త్ పాలసీల్లో చాలావాటిలో సంతానలేమి చికిత్స మినహాయింపే. పాలసీ కాగితంలో "ఎక్స్‌క్లూజన్ 17" అని కోడ్ కూడా ఉంటుంది, చూసుకోండి. 31 ఏళ్లు, ట్యూబులు బాగున్నాయి. రెండు మూడు ఐయూఐలు చూడటం టైం వేస్ట్ ఏమీ కాదు. ఏఎంహెచ్ గుడ్ల లెక్క చెప్తుందే గానీ, మామూలుగా నిలుస్తుందా లేదా అన్నది చెప్పదు. ముప్ఫై ఎనిమిదైతే నేనూ మీ మాటే అనేదాన్ని.

---

మైక్రోస్కోప్:

నేను వరంగల్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌ని. ఖమ్మం మేడమ్, ఎక్కడ చేయించుకోవాలన్నది పక్కన పెట్టండి. మీ వారికి వీర్యపరీక్ష ఎన్నిసార్లు చేయించారు? ఒక్కసారేనా? డబ్ల్యూహెచ్ఓ 2021 లెక్క ప్రకారం కౌంట్ మిల్లీలీటరుకి 16 మిలియన్, మొత్తం కదలిక 42 శాతం కింది హద్దులు. మీ వారివి కొంచెమే తక్కువ. ఇవి మనిషికి నెలనెలా మారతాయి. వీర్యకణం తయారవ్వడానికి రెండున్నర నెలల దాకా పడుతుంది. ఆ మధ్యలో గట్టి జ్వరం వచ్చి ఉంటే కౌంట్ పడిపోతుంది. వచ్చిందా అని అడగండి. 20 వేలు ఖర్చు పెట్టే ముందు 600, 700 పెట్టి మళ్లీ చేయించడం దండగ కాదు. వీర్యం పోకుండా రెండు నుంచి ఏడు రోజుల ఎడం పాటించి ఇవ్వాలి. పదిహేను రోజులు ఆగితే ఎక్కువ వస్తుందని కొందరు అనుకుంటారు, అప్పుడు కదలిక దెబ్బతింటుంది.

క్లినిక్‌లో శాంపిల్ ఇచ్చే గది చూసి రమ్మని మీ వారికి చెప్పండి. నవ్వకండి. గడియ పడని బాత్రూమ్ చూపించి, బయట ఊడ్చే ఆమె తలుపు కొడుతుంటే ఇవ్వలేక చెమటలు పట్టి వెనక్కొచ్చినవాళ్లని చాలామందిని చూశాను. ఆ నెల మొత్తం డబ్బు అక్కడే పోతుంది. ఇంటి దగ్గర ఇస్తామంటే చాలామంది ఒప్పుకుంటారు, గంటలోపు తేవాలి, వాళ్లిచ్చిన డబ్బాలోనే, చొక్కా లోపల ఒంటికి ఆనించి తేవాలి. ఫ్రిజ్‌లో పెట్టడం, మామూలు కండోమ్‌లో పట్టడం వద్దు. మీరు ఖమ్మం అంటే ఇల్లు దగ్గరే, హైదరాబాద్ అయితే ఈ వీలు లేదు.

వాష్ అయ్యాక ఎన్ని కదిలే కణాలు మిగిలాయో రాసిన కాగితం అడిగి తీసుకోండి. మూడోసారికి పోవాలా వద్దా అని తేల్చేది ఆ అంకె. ఇవ్వం అంటే అక్కడ అనుమానించాల్సిందే. సంతాన సాఫల్య చికిత్సల మీద ఏఆర్‌టీ చట్టం 2021లో వచ్చింది, ఐయూఐ ఒక్కటే చేసే చోటు కూడా లెవెల్ 1 క్లినిక్‌గా రిజిస్టర్ అయ్యుండాలి. సర్టిఫికెట్ చూపించమనండి, మొహమాటం వద్దు. ఆ మధ్య సికింద్రాబాద్‌లో ఒక సంతాన సాఫల్య కేంద్రం మీద పెట్టిన కేసు పేపర్లలో చూశారుగా.

---

మందుల షాపు:

లెట్రోజోల్ గురించి. మేడమ్, అది రొమ్ము క్యాన్సర్‌కి వాడే మందే, అబద్ధం కాదు. అది ఒంట్లో ఈస్ట్రోజెన్‌ని కొన్ని రోజులు తగ్గిస్తుంది, దాంతో మెదడు గుడ్డు పెంచే హార్మోన్ ఎక్కువ వదుల్తుంది. ఐదు రోజుల మాత్రలు, అంతే. సంతానలేమికి వాడకూడదని మన ప్రభుత్వమే 2011లో నిషేధం పెట్టింది, 2017లో తీసేసింది. ఆ పాత వార్తలే ఇప్పటికీ ఫోన్లో తిరుగుతుంటాయి. పీసీఓడీ, అంటే అండాశయాల్లో నీటిబుడగల సమస్య, ఉన్నవాళ్లకి ఇప్పుడు ముందు రాసేది ఇదే.

ఇంజెక్షన్ల విషయంలో మాత్రం ఒక మాట. ఒకే 75 యూనిట్ల హెచ్‌ఎంజీ కంపెనీని బట్టి ధర బాగా మారుతుంది. మా కొట్టులోనే కొనాలి అని క్లినిక్ వాళ్లంటే, చీటీ మీద మందు పేరు రాసిమ్మని అడిగి బయట రేటు కనుక్కోండి. చల్లగా ఉంచి అమ్మే కొట్టులోనే కొనండి, రెండొందలు తక్కువని ఎక్కడపడితే అక్కడ వద్దు.

---

ఖమ్మం కోడలు:

అందరికీ చాలా థ్యాంక్స్. అక్కా, నీ లెక్క మా ఆయనకి చదివి వినిపించా. ఆ గుమస్తా బుర్రకి మొదటిసారి ఈ విషయం ఎక్కింది, కాగితం తీసి ఆయనే కూడటం మొదలుపెట్టాడు.

మైక్రోస్కోప్ గారూ, మీరు అడిగాక గుర్తొచ్చింది. సెప్టెంబర్‌లో ఆయనకి టైఫాయిడ్, పన్నెండు రోజులు మంచం మీదే ఉన్నాడు. పరీక్ష చేయించింది అక్టోబర్ పదకొండున! డాక్టరమ్మకి ఆ సంగతి మేం చెప్పనే లేదు, ఆవిడ అడగనూ లేదు. నిన్న వెళ్లి చెప్తే, "అయితే డిసెంబర్ చివర్లో మళ్లీ చేద్దాం, మామూలుగా వస్తే ఇంకో రెండు మూడు నెలలు మాత్రలతోనే చూద్దాం, రాకపోతే జనవరిలో మొదటి ఐయూఐ" అన్నారు. ఆదివారం సంగతి అడిగా. ల్యాబ్ అబ్బాయి ఇల్లు పక్క సందులోనేనట, ఆదివారం పిలిస్తే వస్తాడట, 500 ఎక్కువ అవుతుందట. ఇవ్వడానికి సిద్ధమే. లెవెల్ 1 సర్టిఫికెట్ రిసెప్షన్ వెనకే ఉంది, దాని పక్కనే లింగ నిర్ధారణ చేయబడదు అన్న బోర్డు. ఇన్నాళ్లూ బోర్డు చదివా గానీ సర్టిఫికెట్ చూడలేదు. మాత్రలతో మొదలుపెడితే సుమారు 13 వేలని రాసిచ్చారు. అంటే 60 వేలలో మూడు చేయించుకుని ఇంకా మిగులుతుంది. చిట్టీ ఇప్పుడే పాడట్లేదు.

హైదరాబాద్ నంబర్ బ్లాక్ చేశా. మా ఆడపడుచుకి ఇంకా చెప్పలేదు.

ఒక్క డౌట్. ట్రిగ్గర్ రాత్రి వెయ్యడానికి మా కింది వాటాలో ఉండే నర్సింగ్ స్టూడెంట్‌ని అడిగా. పొట్ట మీద వేసేదా, తుంటికి వేసేదా అంది. ఏం చెప్పను?

---

పద్దుల పుస్తకం:

రెండు రకాలూ ఉన్నాయి, మందును బట్టి. చీటీ మీదే రాయించుకో. నాకు తుంటికి వేశారు. ఆ అమ్మాయికి జనవరిలో సెలవులు ఎప్పుడో కూడా ఇప్పుడే కనుక్కో, సంక్రాంతికి ఊరెళ్లిపోతుంది.