మెడికల్ షాపులో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ పెట్టినా కౌంటర్‌లో వాళ్లు నోటుపుస్తకం వదలట్లేదు

ప్రశ్న:
సాఫ్ట్‌వేర్ పెట్టి మూడు నెలలైంది. కౌంటర్‌లో ఇద్దరూ అనుభవం ఉన్నవాళ్లే. పగలంతా పుస్తకంలో రాసి, రాత్రి కూర్చుని ఎక్కిస్తున్నారు. ట్రైనింగ్ రెండుసార్లు ఇప్పించాం. అడిగితే "స్టాకు ఎలాగూ కలవదండీ" అంటారు. బద్ధకమా, భయమా?

స్టాకులెక్క:
రెండూ కాదండీ. వాళ్లన్న మాటలోనే జబ్బుంది. ముందు ఐటమ్ మాస్టర్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌లోని మందుల జాబితాలో, ప్యాకింగ్ చూడండి. డోలో 650 స్ట్రిప్పుకి 15 మాత్రలు. అక్కడ 10 అని పడితే, 20 స్ట్రిప్పులు కొన్నప్పుడు 300 బదులు 200 మాత్రలే ఎక్కుతాయి. 200 అమ్మేశాక స్క్రీన్ "స్టాకు లేదు" అంటుంది. స్ట్రిప్పు చేతిలో ఉంటుంది, ఎదురుగా నలుగురు నిలబడి ఉంటారు. నోటుపుస్తకం తియ్యక ఏం చేస్తాడు?

తర్వాత ఫ్రీ సరుకు. 10+1 స్కీమ్‌లో, అంటే పది కొంటే ఒకటి ఉచితమైనప్పుడు, ఆ ఒకటి ఫ్రీ కాలమ్‌లో వెయ్యకపోతే ప్రతి కొనుగోలుకీ ఒకటి తేడా. బ్యాచ్ కూడా అంతే: ఎక్స్‌పైరీ దగ్గరున్న బ్యాచ్‌ని సాఫ్ట్‌వేర్ ఎంచుకుంటుంది, చెయ్యేమో ర్యాకులో ముందున్నది అందుకుంటుంది. పాత సరుకు ముందుకి జరిపించండి.

ఇంతకీ నెలాఖరు తేడా వాళ్ల జీతంలో కోస్తున్నారా?

ప్రశ్న అడిగినవారు:
సగం కోస్తున్నాం. స్కానర్ కొంటే వేగం పెరుగుతుందా?

స్టాకులెక్క:
కోత ఆపందే ఎన్ని ట్రైనింగులైనా దండగే. తప్పు కొనుగోలు ఎంట్రీది, జరిమానా కౌంటర్‌కా?

రాత్రిడ్యూటీ:
స్కానర్ ఇప్పుడే వద్దు. 2023 ఆగస్టు నుంచి 300 బ్రాండ్లకి బార్‌కోడో క్యూఆర్ కోడో తప్పనిసరైంది గానీ, స్ట్రిప్పు మీద చోటు లేకపోతే పెట్టె మీద వేస్తారు. లూజు అమ్మేటప్పుడు పెట్టె ఎక్కడుంటుంది? దానికంటే మౌస్ పక్కన పెట్టించి, పేరులో మొదటి నాలుగక్షరాలు కొట్టడం, బాణం కీ, ఎంటర్, ఇంతే అలవాటు చెయ్యండి. మాత్రలు కోసేటప్పుడు బ్యాచ్, ఎక్స్‌పైరీ అచ్చున్న కొసని చివరిదాకా ఉంచమనండి. అది ముందే పోతే మిగిలిన ముక్క ఏ బ్యాచో చెప్పలేరు. డిస్ట్రిబ్యూటర్ వాపసు తీసుకోడు.

ఫార్మసీగుమాస్తా:
అన్నీ ఒక్కసారే మార్చకండి. షెడ్యూల్ హెచ్1 మందులతో (కొన్ని యాంటీబయాటిక్స్, టీబీ మందుల్లాంటివి, అమ్మకాలకి విడిగా రిజిస్టర్ ఉండాల్సినవి) మొదలుపెట్టండి. డాక్టర్ పేరు, చిరునామా, పేషెంట్ పేరు, మందు, పరిమాణం అమ్మినప్పుడే రాయాలి, రికార్డు మూడేళ్లు ఉంచాలి. ఇది రాత్రికి వాయిదా వేసే పని కాదని వాళ్లకీ తెలుసు. సాఫ్ట్‌వేర్ ఆ రిజిస్టర్ తీసిస్తే ఒక చేతిరాత పని తగ్గుతుంది.

మిగతావి షట్టర్ దించాక రోజుకో ర్యాకు. ఒకరు లెక్కపెట్టాలి, ఒకరు ఎక్కించాలి. ఎక్కువ పోయే మందుల ర్యాకు ముందు.